నాలుగు వందల సూదులు, పద్దెనిమిది వెనకడుగులు

ధర్మవరంలో మగ్గం నేసేవారు వేలమంది ఉన్నారు. వారిలో నిక్కచ్చి మనుషులకు కొదవ లేదు. అయినా శ్రీరంగప్ప నిక్కచ్చితనం వేరు. ఆయన చెప్పులు విడిస్తే రెండింటి ముక్కులూ గడపకు సమాన దూరంలో నిలవాలి. ఉల్లిగడ్డలు బుట్టలో పోస్తే చిన్నవి ముందు, పెద్దవి వెనుక చేరాలి. మజ్జిగ గ్లాసు నోటి దగ్గరికి తెచ్చుకున్నాక కూడా, అంచు మీద చుక్క కనబడితే దించి తుడిచి మళ్ళీ ఎత్తుతాడు. ఆయన భార్య నాగలక్ష్మమ్మ ముప్పై నాలుగేళ్ళుగా ఇదంతా చూస్తూ, చెప్పవలసిన మాటలన్నీ మొదటి పదేళ్ళలోనే చెప్పేసి, ఇప్పుడు ఊరకే నిట్టూరుస్తూ ఉంటుంది.

ఈ గుణం మగ్గానికి మాత్రం మేలే చేసింది. శ్రీరంగప్ప నేసిన పట్టుచీర అంచులో హంస ఉంటే, ఆ చీరలోని మొదటి హంసకూ చివరి హంసకూ ఈకంత తేడా ఉండదు. అందువల్లనే షావుకారు నాగేశ్వర తన పది జకార్డు పెట్టెలలో అన్నిటికన్నా పాతదీ, అన్నిటికన్నా మొండిదీ అయిన పెట్టెను ఆయన మగ్గానికి బిగించి ఇరవై ఆరేళ్ళు అక్కడే ఉంచాడు. పెట్టె షావుకారుది, దాన్ని పనిచేయించే ఓర్పు శ్రీరంగప్పది. తనకు సొంత ఇల్లు లేనందుకు ఆయన ఏనాడూ బాధపడలేదు గాని, ఆ పెట్టె తనది కాదన్న సంగతి గుర్తుకొచ్చినప్పుడల్లా మనసు చివుక్కుమనేది.

జకార్డు పెట్టె మగ్గం నెత్తిన కూర్చుంటుంది. అందులో నాలుగు వందల ఉక్కు సూదులు అడ్డంగా, నాలుగు వందల కొక్కేలు నిలువుగా ఉంటాయి. చిల్లులు పొడిచిన అట్టలు ఒక్కొక్కటే వచ్చి ఆ సూదులకు ఆనుతాయి. చిల్లు ఉన్నచోట సూది కదలకుండా నిలుస్తుంది, దాని కొక్కెం పైకి లేచి తన దారాన్ని లేపుతుంది. చిల్లు లేనిచోట అట్ట సూదిని వెనక్కు నెడుతుంది, ఆ కొక్కెం లేవదు. ఇంతే రహస్యం. హంస ముక్కు ఎక్కడ ఉండాలో, తోక ఎక్కడ ముగియాలో ఆ చిల్లులకు తెలుసు. వాటి మాట సూదులు వినాలి.

ఏటేటా ఆయుధ పూజకు ముందు శ్రీరంగప్ప ఆ నాలుగు వందల సూదులనూ ఊడదీసి, శుభ్రం చేసి, ఏ చిల్లులోది ఆ చిల్లులోనే తిరిగి దూర్చేవాడు. మిగిలిన నేతగాళ్ళు పెట్టె మీద పసుపూ కుంకుమా పెట్టి చేతులు దులుపుకొనేవారు. ఈ ఏడు వానలు లేక ఎర్రదుమ్ము విపరీతంగా రేగి పెట్టెలోకి చేరింది. ఆయన ఒక్కొక్క సూదినీ గరుకు కాగితంతో తోమాడు. తోమగా రాలిన సన్నని ఇనుప పొడి నూనెలో కలిసి సూదులకే అంటుకుంది. గుడ్డతో తుడిస్తే గుడ్డకు కొంత, సూదికి కొంత. అప్పుడాయనకు ఒక ఆలోచన తట్టింది. అటక మీది పాత స్పీకరును విప్పి, దాని వెనకనుండే గుండ్రని సూదంటురాయిని తీశాడు. దానితో దువ్వితే పొడి అంతా రాయికి అంటుకొని, సూది అద్దంలా మెరిసింది.

ఒక్కొక్క సూదిని పదిసార్లు దువ్వాడు. మొన నుంచి తోక వరకు, ఎప్పుడూ ఒకే దిక్కుగా. ముందుకూ వెనక్కూ రుద్దడం చెత్త పని అని ఆయన అభిప్రాయం. నాలుగు వందల సూదులు, నాలుగు వేల దువ్వులు. మూడు రోజులు పట్టింది. పండుగనాడు పెట్టె ముందు కొబ్బరికాయ కొట్టి, ఆ మెరుపును చూసి ఆయన లోలోపల మురిసిపోయాడు.

పండుగ దాటిన వారానికి ఉరవకొండ నుంచి పెళ్ళి చీర పని వచ్చింది. వేరుశనగ వ్యాపారమూ రాజకీయమూ రెండూ నడిపే ఇంటి ఆడమనిషి వనజాక్షి, తన కూతురి పెళ్ళికి హంసల అంచే కావాలని కోరింది. శ్రీరంగప్ప పడుగు సరిచూసుకొని నేత మొదలుపెట్టాడు. మొదటి హంస ముక్కు లేకుండా పుట్టింది.

ఆయన మగ్గం ఆపి, అట్టలు చూశాడు. అట్టలు సరిగానే ఉన్నాయి. దారాలు చూశాడు. అవీ సరిగానే ఉన్నాయి. రెండవ హంసకు ముక్కు వచ్చింది గాని తోక ఉండవలసిన చోట వచ్చింది. మూడవదానికి మూడు కాళ్ళు. నాలుగవ హంస మెడ పైకి పోయి పోయి, అంచు దాటి చీర మధ్యలోకి తొంగిచూసింది.

నాగలక్ష్మమ్మ వంటింట్లోంచి వచ్చి చాలాసేపు పరకాయించి చూసింది.

"ఇదేమి హంసయ్యా? బోరు లారీ మాదిరి ఉండాదే."

"హంసే."

"నాకు తెలీదా హంసంటే? దీనికి వెనక టైర్లు గూడా ఉండాయి సూడు."

టైర్లు ఉన్న మాట నిజమే.

సాయంత్రానికి నాగేశ్వర వచ్చాడు. వయసులో శ్రీరంగప్ప కన్నా పదేళ్ళు చిన్నవాడు; తెల్లచొక్కా, చేతిలో రెండు ఫోన్లు. అతడు నాలుగు హంసలనూ వరసగా చూసి, నాలుగవదాని దగ్గర ఆగిపోయాడు.

"ఏమప్పా శ్రీరంగప్పా, నీకు కండ్లు మసకలు వచ్చినాయా?"

"కండ్లు బాగుండాయి నాగేశ్వరప్పా. పెట్టె మాట వినకుండాది."

"పెట్టె ఇరవై ఆరేండ్లు మాట విని ఇప్పుడు వినకుండా పోయిందా? నీ తప్పు పెట్టె మీదికి తోస్తాండావు." అతడి గొంతులో కోపం కన్నా విసుగు ఎక్కువ. "సూడప్పా. వచ్చే శుక్రవారం పొద్దున వస్తాను. హంస హంస మాదిరి ఉంటే సరి. లేకుంటే పెట్టె విప్పించుకోని పోతాను. కొత్త మగ్గమోళ్ళు కాచుకోని ఉండారు."

ఆ మాట విన్నాక శ్రీరంగప్పకు అన్నం సహించలేదు. పెట్టె పోతే మిగిలేది సాదా మగ్గం. దాని మీద సాదా చీరలు. ఈ వయసులో హంసలు లేని నేత అంటే, రోజూ తలుపులు లేని ఇంట్లో పడుకోవడమే అనిపించింది.

నాగలక్ష్మమ్మ ఇది దిష్టి అని తేల్చింది. మరునాడు పొద్దున నిమ్మకాయ, ఏడు మిరపకాయలు దారానికి గుచ్చి, స్టూలెక్కి పెట్టెకు కట్టబోయింది. ఊళ్ళో అందరు ఆడవాళ్ళలాగే ఆమె కూడా తాళిబొట్టుకు నాలుగైదు పిన్నీసులు తగిలించుకొని ఉంటుంది. ఎప్పుడు ఏ చిరుగు వస్తుందో ఎవరికి తెలుసు. ఆమె వంగగానే తాళి ముందుకు వేలాడి, పిన్నీసులన్నీ టక్కున సూదులకు అతుక్కున్నాయి.

"ఓయ్యో, నీ మగ్గం నా తాళి లాగుతాండాది."

"కదలద్దు."

"కదలకుండా ఎట్లా ఉండేది? మొగుడు కూసుండేది ఆ పక్క, లాగేది ఈ పక్క. ఇదేం ఇల్లో ఏమో."

శ్రీరంగప్ప స్టూలు పక్కనే నిలబడి, ఒక్కొక్క పిన్నీసునూ జాగ్రత్తగా ఊడదీశాడు. తాళిలోని బంగారు బిళ్ళ మాత్రం ఊరకే వేలాడుతూ ఉండటం గమనించాడు. అది అతుక్కోలేదు. ఆయన ఒక సూదిని బయటికి లాగి ఇంట్లో ఉన్న వస్తువులన్నిటి దగ్గరికీ తీసుకుపోయాడు. రాగి చెంబు పలకలేదు. ఇత్తడి దీపం పలకలేదు. అల్యూమినియం మూత పలకలేదు. దోసె పెనం సూదిని గట్టిగా పట్టుకుంది. రెండు స్టీలు గ్లాసులలో ఒకటి పట్టుకుంది, ఒకటి పట్టుకోలేదు.

"అంటుకోనిది మా పుట్టింటోళ్ళు పెట్టిండేది," అంది నాగలక్ష్మమ్మ గర్వంగా.

స్టీలులో రకాలుంటాయనీ, ఒక రకానికి ఈ గుణం ఉంటుందనీ, మరొక రకానికి ఉండదనీ శ్రీరంగప్పకు అప్పుడు తెలియదు. ఆయనకు తెలిసింది ఒక్కటే: ఆయన చేతులారా దువ్వి మెరిపించిన నాలుగు వందల సూదులూ నాలుగు వందల సూదంటురాళ్ళయినాయి. ఒకే దిక్కుగా దువ్వినవి గనుక వాటి మొనలన్నిటికీ ఒకే గుణం వచ్చింది. ఒకే గుణం గల మొనలు ఒకదాని నొకటి ఓర్వలేవు. అందువల్ల ప్రతి సూదీ పక్కసూదిని చూసి తొలగిపోతూ, తన కొక్కేన్ని మాత్రం విడవక పట్టుకుంటూ, అట్ట చెప్పే మాటను పెడచెవిన పెడుతోంది. స్ప్రింగులు కొత్తవైతే బలవంతాన సరిచేసి ఉండేవి. అవి ఆయనకన్నా ముందే ముసలివైపోయాయి.

ఆయన మొదట నిప్పును నమ్మాడు. ఒక సూదిని గ్యాసు పొయ్యి మీద ఎర్రగా కాల్చి చల్లార్చాడు. అది పిన్నీసును పట్టుకోవడం మానేసింది గాని, సేమ్యాలాగా వంగిపోయింది. రెండవ సూదిని రోటి మీద పెట్టి సుత్తితో కొట్టాడు. దానికున్న గుణం సగం పోయింది, ఆకారం పూర్తిగా పోయింది. డబ్బాలో ఎప్పుడో దాచిన రెండు అదనపు సూదులను వాటి స్థానంలో పెట్టి, ఆయన కుళ్ళాయప్ప దుకాణానికి బయలుదేరాడు.

కుళ్ళాయప్ప మోటార్లకు తీగ చుట్టే పనివాడు. చుట్టుపక్కల పల్లెల్లో నీళ్ళు లేని బోర్లలో ఊరకే తిరిగి తిరిగి కాలిపోయిన మోటార్లన్నీ చివరికి అతడి గుమ్మం ముందుకే చేరతాయి. ఆ ఇనుప పీపాల నడుమ అతడు చెమట తుడుచుకుంటూ, తీగ చుడుతూ, వచ్చిన ప్రతివాడి బోరు లోతు అడుగుతూ ఉంటాడు. శ్రీరంగప్ప చెప్పిందంతా విని అతడు చేతిలోని తీగ కింద పెట్టాడు.

"మామా, ఇనుము లోపల గొర్రెల మాదిరి గుంపులు గుంపులుంటాయి అనుకో. మామూలుగా ఒక గుంపు ఇట్లా సూస్తాది, ఇంగొకటి అట్లా సూస్తాది. ఒకదాని బలం ఒకటి కొట్టేసి, బయటికి ఏమీ కనబడదు. నువ్వేం జేసినావు? రాయి పట్టుకోని అన్నిట్నీ ఒకే పక్కకు తోలినావు. అన్నీ మొకాలు అటే పెట్టినాయి."

"మేకును గూడా ఒకసారి దువ్వినాను. దానికేమీ కాలేదే."

"మేకు మెత్తని ఇనుము. తొందరగా మర్సిపోతాది. సూది గట్టి ఉక్కు, ఒకసారి పట్టిందంటే వదల్దు." కుళ్ళాయప్ప తీగ మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. "నీ మాదిరే."

"ముందుకీ ఎనక్కీ రుద్దింటే?"

"కొంచిం గలీజుగా రుద్దింటే నీ హంసలకు ఏమీ అయ్యేది కాదు మామా."

శుభ్రంగా చేయడం వల్ల ఒక పని చెడిపోయిందన్న మాట శ్రీరంగప్ప యాభై ఎనిమిదేళ్ళ జీవితంలో విననిది. దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో ఆయనకు తోచలేదు.

కుళ్ళాయప్ప ఒక పాత మోటారు పీపాను బల్ల మీద నిలబెట్టాడు. లోపలి గోడ చుట్టూ రాగితీగ చుట్టిన డొల్ల అది. కరెంటు మరీ ఎక్కువ పారకుండా నడుమ ఒక బల్బు పెట్టి, దానికి కరెంటు కలిపాడు. కరెంటు సెకనుకు యాభైసార్లు అటూ ఇటూ మళ్ళుతుంది. దానితోపాటు సూదిలోని గొర్రెలూ మొకాలు తిప్పుతాయి. ఆ తిరుగుడు సాగుతుండగానే సూదిని నెమ్మదిగా దూరం జరిపితే పట్టు సన్నగిల్లి, ఏ గొర్రె ఎటు చూస్తూ ఉందో అటే నిలిచిపోతుంది. అంటే అన్నీ తలో దిక్కున. మళ్ళీ మామూలు ఇనుము. "దూరం పోయేది ముఖ్యం మామా. మూడడుగులు చాలు," అన్నాడు.

శ్రీరంగప్ప పది సూదులను దారంతో కట్టి, వెదురు పట్టకారుతో పీపాలో పెట్టాడు. పెట్టీ పెట్టగానే కరెంటు పోయింది. తీసి చూస్తే సూదులు మునుపటికన్నా బలంగా ఉన్నాయి. పిన్నీసుకు బదులు తాళంచెవుల గుత్తినే లేపాయి.

"పోయేటప్పుడు కరెంటు ఏ పక్కకు మళ్ళి ఉండాదో, ఇవీ ఆ పక్కకే నిలిచిపోయినాయి," అని కుళ్ళాయప్ప విద్యుత్తు వాళ్ళకు ఫోన్ చేశాడు. అటునుంచి ఎవరో ఆవులిస్తూ, ఏం పని అని అడిగారు.

"హంసల పనన్నా. ముక్కు తోకకు వస్తాండాది. మీరు కరెంటు తీస్తే ఇంగా చెడిపోతాది."

మరునాడు పొద్దున పదకొండు దాకా కరెంటు తీయబోమని, ఆ పైన ఎవరి హంసలకూ తమ పూచీ లేదని జవాబు వచ్చింది.

మూడు అడుగులు చాలునన్నది కుళ్ళాయప్ప లెక్క. శ్రీరంగప్పకు ఆ లెక్క నచ్చలేదు. పీపా దగ్గరినుంచి మూడు అడుగులు వేస్తే రోడ్డు మధ్యలో కూడా కాదు, దుకాణం మెట్టు మీద నిలబడతాడు. అది ఒక చోటూ కాదు, ఒక ముగింపూ కాదు. ఆయన పీపా నుంచి ఎదుటి కాలువ గట్టు వరకు కొలిచాడు. సరిగ్గా పద్దెనిమిది అడుగులు. చూపు సూదుల మీదనుంచి తొలగకూడదు గనుక వెనక్కు నడవాలి. నలభై కట్టలు, కట్టకు పద్దెనిమిది అడుగులు.

మరునాడు పొద్దున ఏడింటికి మొదలుపెట్టాడు. తెల్లపంచె, నుదుట విభూతి, చేతిలో ఎత్తి పట్టిన పట్టకారు, కన్నార్పని చూపు, వీధికి వీపు. అయిదవ కట్టకు ఒక ఆటోవాడు ఆపి దండం పెట్టాడు. తొమ్మిదవ కట్టకు ఎవరో దారిలో నీళ్ళు చల్లారు. పూలమ్మే గంగాదేవి బుట్ట దించి, పదమూడవ కట్ట నుంచి ఆయన పక్కనే తానూ వెనక్కు నడవసాగింది.

"ఏం మొక్కు అన్నా ఇది?"

"మొక్కు కాదమ్మా. గుణం తీస్తాండాను."

"అదే గదా మొక్కంటే. మా మేకకు ఈత కష్టమైతాండాది. నేనూ నడుస్తాను."

ఇరవై అయిదవ కట్టకు పదకొండు మంది అయ్యారు. బోరు ఎండిపోయినవాడు ఒకడు, కొలువు రానివాడు ఒకడు, కారణమేమీ లేకుండా పదిమంది నడుస్తున్నారు గనుక నడిచేవారు మిగతావారు. అందరి వీపులూ ఒకే దిక్కుకు, అందరి చూపులూ ఆ పీపా వైపు. శ్రీరంగప్పకు చెమటలు పట్టాయి. అడుగులు లెక్కపెట్టేటప్పుడు పక్కవాళ్ళు గోవిందా అంటే ఆయన లెక్క చెదిరేది. చెదిరిన ప్రతిసారీ ఆ కట్టను తిరిగి పీపాలో పెట్టి మొదటినుంచి నడిచేవాడు. భక్తులు దాన్ని కఠిన నియమం అనుకొని మరింత గౌరవించారు.

పదకొండుకు అయిదు నిమిషాలు ఉండగా నలభయ్యవ కట్ట కాలువ గట్టు చేరింది. చూడవచ్చిన నాగలక్ష్మమ్మ తాళిలోని పిన్నీసు తీసి ఒక్కొక్క సూదికీ ఆనించి చూసింది. ఒక్కటీ పట్టుకోలేదు.

"ఇంగ నా తాళి జోలికి రావు," అంది సూదులతో.

ఆ సాయంత్రానికి సూదులన్నీ పెట్టెలో కుదురుకున్నాయి. తరువాతి మూడు రోజులు ఆయన నాలుగు వంకర హంసలనూ పోగు వెంట పోగు విప్పాడు. పట్టు తెగకుండా, జరీ నలగకుండా విప్పడం నేయడం కన్నా కష్టం. గురువారం మధ్యాహ్నం మొదటి హంస ముక్కు ముక్కు చోటికి వచ్చింది. ఆయన మగ్గం గుంటలోంచి లేచి, చేతులు కడుక్కొని వచ్చి మళ్ళీ చూశాడు. ముక్కు అక్కడే ఉంది.

శుక్రవారం పొద్దున నాగేశ్వర పెట్టె విప్పడానికి పానా పట్టుకొనే వచ్చాడు. అప్పటికి అయిదు హంసలు వరసగా, ఒకదాని వెనుక ఒకటి, తేడా లేకుండా నిలిచి ఉన్నాయి. అతడు భూతద్దం తీసి చూశాడు. పానా పక్కన పెట్టాడు.

"బాగుండాయప్పా. మునుపటికంటే బాగుండాయి. పెట్టె ఈడనే ఉంటాది."

శ్రీరంగప్ప ఆ పానాను గోడకు సమానంగా జరిపి పెట్టాడు.

"అయితే ఒక మాట," అన్నాడు నాగేశ్వర. "గంగాదేవి నాకంతా చెప్పింది. ఆ యమ్మ మేక రెండు పిల్లల్ని పెట్టింది, తెల్సునా? మన మిగతా తొమ్మిది మగ్గాల సూదులు గూడా నువ్వే అట్లా నడిపించు."

"వాటికి ఆ రోగం లేదు నాగేశ్వరప్పా. దువ్వింది నేను, చెడిపోయినవి నావి. బాగుండేటివాట్ని ఆ పీపాలో పెడితే, నడుమ కరెంటు పోయిందంటే అవే చెడిపోతాయి."

"రోగం రాకముందే చెయ్యాల. నువ్వు కాదంటే చెయ్యగలిగినోనికి ఈ పెట్టె ఇస్తాను."

ఆ మాటకు శ్రీరంగప్ప చేయి తనంతట తానే పెట్టె అంచును పట్టుకుంది. అబద్ధమాడి ఆ పని చేయలేడు. నిజం చెప్పి చేయక మానలేడు. కాసేపు ఆలోచించి తలెత్తాడు.

"నడిపిస్తాను. కానీ స్విచ్చి ఏసేది లేదు. ముందే చెప్తాండాను."

నాగేశ్వరకు అందులో ఇబ్బందేమీ కనబడలేదు. "స్విచ్చి సంగతి నాకెందుకప్పా? నడక సరిగ్గా ఉంటే సాలు."

తొమ్మిది పెట్టెలు, మూడువేల ఆరు వందల సూదులు, మూడు వందల అరవై కట్టలు. సోమవారం పొద్దున శ్రీరంగప్ప మొదటి కట్టను కరెంటు లేని పీపాలో ఉంచి, పట్టకారుతో ఎత్తి, వీధికి వీపు పెట్టాడు. వెనుక నలభై మంది ఉన్నారు. గంగాదేవి మేకపిల్లలను కూడా తెచ్చింది.

కుళ్ళాయప్ప గుమ్మంలో తీగ చుడుతూ చూస్తున్నాడు.

"మామా, కరెంటే లేనప్పుడు పద్దెనిమిది అడుగులు యాలప్పా? రెండడుగులు ఏసి వచ్చెయ్."

శ్రీరంగప్ప అప్పుడు పదకొండవ అడుగు మీద ఉన్నాడు. మాట్లాడితే లెక్క తప్పుతుందని పెదవి విప్పలేదు. కాలువ గట్టు చేరాక, పట్టకారు దించకుండానే పలికాడు.

"పద్నాలుగో అడుగు కొంచిం పొట్టిగా పడింది కుళ్ళాయప్పా. మల్ల మొదట్నుంచి వస్తాను."